తక్కువ ఖర్చులో రీఫ్ ట్యాంక్ లైట్: రెండడుగుల ట్యాంక్‌కి ఏది తీసుకోవాలి?

#1 నీలికెరటం

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఉప్పునీటి ట్యాంక్‌లో రెండు క్లౌన్ చేపలు, ఒక గోబీ పెంచుతున్నాను. ఇప్పుడు పగడాల మీదికి మనసు పోయింది. ట్యాంక్ 60 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు. పైన మూత లేదు. రాళ్ళు రెండు గుట్టలుగా పేర్చాను. ఎత్తైన రాయి నీటిమట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి వస్తుంది.

పెట్టాలనుకున్న పగడాలు జోవాలు, మష్రూమ్‌లు, ఒక హ్యామర్, ఒక టార్చ్. అన్నీ కుదురుకున్నాక పై రాయి మీద ఒకే ఒక్క మాంటిపోరా. ఆక్రోపోరా జోలికి ఇప్పట్లో వెళ్ళను.

చేతిలో డబ్బు తక్కువ. మూడు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, ఎవరో వాడి అమ్ముతున్న టీ-5 (సన్న ఫ్లోరసెంట్ ట్యూబులు) ఫిక్చర్, 24 వాట్ల ట్యూబులు నాలుగు. రెండోది పేరూ ఊరూ లేని నల్ల డబ్బా ఎల్‌ఈడీ. మీద 165 వాట్లని రాసి ఉంది, నీలానికి ఒకటి, తెలుపుకి ఒకటి రెండు నాబ్‌లు. మూడోది పేరున్న కంపెనీ నానో లైట్. మొదటి రెండిటికన్నా బాగా ఖరీదు, కానీ అంతా ఫోన్‌లోనే సెట్ చేసుకోవచ్చు. ఇవి కాక, ఆరుబయట వాడే ఫ్లడ్‌లైట్ పెట్టేయమని ఒకాయన సలహా. వాట్లు చూడాలా, ల్యూమెన్లు చూడాలా, కెల్విన్లు చూడాలా తెలియక వారం రోజులుగా టెన్షన్ పడుతున్నాను. కాస్త దారి చూపించండి.

#2 పగడపుతోట

నీలికెరటం గారూ, ముందు వాట్లు పక్కన పెట్టేయండి. లైట్ ఎంత కరెంటు లాగుతుందో మాత్రమే అవి చెబుతాయి. ల్యూమెన్లు మనిషి కంటి కోసం పెట్టిన కొలత. మీరు లైట్ కొంటున్నది పగడం ఒంట్లో కాపురం ఉండే ఆల్గే కోసం. జూక్సాంథెల్లే అంటారు దాన్ని. పగలంతా అది వెలుగుతో చేసుకున్న ఆహారంలో ఎక్కువ భాగం పగడానికే ఇస్తుంది. చాలా రకాల పగడాలకు కావలసిన శక్తిలో 90 శాతం దాకా ఇలాగే వస్తుంది.

కాబట్టి చూడాల్సింది పార్. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉండే వెలుగు కణాలు చదరపు మీటరు చోట సెకనుకి ఎన్ని పడుతున్నాయో మైక్రోమోల్స్‌లో చెప్పే లెక్క అది. మిట్టమధ్యాహ్నం ఎండలో 2,000 దరిదాపుల్లో ఉంటుంది. మనకి అంత అక్కర్లేదు. మష్రూమ్‌లకి 50 ఉన్నా చాలు. జోవాలు, హ్యామర్, టార్చ్ 80 నుంచి 150 మధ్య బాగుంటాయి. మాంటిపోరాకి 150 నుంచి 250. ఆక్రోపోరా పెట్టేవాళ్ళు 250 నుంచి 350 దాకా చూసుకుంటారు. ఇవి గీత గీసిన హద్దులు కావు, ఏళ్ళ తరబడి పెంచినవాళ్ళ అనుభవంలో తేలిన అంకెలు.

ఇక రంగు. సముద్రంలో ఎరుపు మొదటి కొన్ని మీటర్లలోనే ఇంకిపోతుంది, నీలం చాలా లోతుకి దిగుతుంది. పగడాలు ఆ నీలానికే అలవాటు పడ్డాయి. 420 నుంచి 480 నానోమీటర్ల మధ్య గట్టిగా ఉంటే వాటికి కడుపు నిండినట్టే. తెలుపు ఎక్కువగా మన కళ్ళ కోసం. ఆకుపచ్చగా, నారింజగా మెరిసే రంగులు కూడా నీలం కిందే బయటపడతాయి, ఎందుకంటే పగడంలోని ఫ్లోరసెంట్ ప్రోటీన్లు నీలాన్ని పట్టుకుని మరో రంగులో తిరిగి వదులుతాయి.

మీరు రాసిన పగడాల జాబితాకి ఆ మూడు లైట్లలో ఏదైనా సరిపోతుంది. మీరు తేల్చుకోవాల్సింది వెలుగు 60 అడ్డం 45 చోటంతా సమంగా పరుచుకుంటుందా, కొన్నాక ఏటా ఎంత ఖర్చు పెట్టిస్తుంది అన్నవి.

#3 పాతట్యూబు

పద్నాలుగేళ్ళుగా టీ-5 మీదే నడుపుతున్నాను, నా ఓటు దానికే. పైనంతా పరిచినట్టు వెలుగు వస్తుంది. కొమ్మ కింద కూడా నీడ పడదు. కొత్తవాళ్ళు పగడాన్ని ఎక్కడ పెట్టినా పెద్ద తప్పు జరగదు. నాలుగు ట్యూబుల్లో రెండు బ్లూ ప్లస్, ఒకటి ఆక్టినిక్ (ఇవి నీలం రకాలు), ఒకటి లేత గులాబీ ఛాయ తెలుపు వేసుకోండి.

వాడిన ఫిక్చర్ కొనేముందు మూడు చూడండి. ప్రతి ట్యూబుకి విడిగా వంపు తిరిగిన రిఫ్లెక్టర్ ఉందా? అన్నిటికీ కలిపి ఒకే చదును రేకు ఉంటే వెలుగులో చాలా భాగం పైనే ఉండిపోతుంది. చివర్లలో పిన్నులు కూర్చునే హోల్డర్లకి పచ్చగా చిలుము పట్టిందా? వెలిగించి పది నిమిషాలు ఆగాక, ట్యూబులకి కరెంటు అందించే బ్యాలస్ట్ గుయ్యిమంటుందా? ఈ మూడూ బాగుంటే కళ్ళు మూసుకుని తీసుకోండి.

#4 ఉప్పుమరక

నేను నల్ల డబ్బా వాడుతున్నాను, మూడేళ్ళయింది. లైట్ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ మొదటి నెలలో నేను చేసిన పొరపాటు ఇక్కడ రాయకపోతే ఈ చర్చకి అన్యాయం చేసినట్టు.

పాత ట్యూబులు తీసేసి దీన్ని నీళ్ళకి ఒక జానెడు పైన పెట్టాను. నీలం నాబ్ సగానికి తిప్పితే గది మసకగా కనిపించింది. ఇది చాలదేమో అనుకుని రెండు నాబ్‌లూ చివరిదాకా తిప్పేశాను. నా దగ్గర మూడు తలల హ్యామర్ ఉండేది, లైట్‌కి సరిగ్గా కింద, మధ్య రాయి మీద. నాలుగో రోజుకి దాని వేళ్ళు పొట్టివయ్యాయి. ఆరో రోజుకి పొద్దున తెరుచుకుని పదకొండింటికల్లా ముడుచుకోవడం మొదలుపెట్టింది. నేను నీళ్ళలో లోపమనుకుని క్షారత చూశాను, 8.3 డీకేహెచ్, అదీ ఉప్పూ సరిగ్గానే ఉన్నాయి. తొమ్మిదో రోజు చేతి లైట్ వేసి దగ్గరగా చూస్తే మాంసం లోపలినుంచి అస్థిపంజరం గీతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా కనిపించాయి. గోధుమ బంగారు రంగు పోయి, ఉడకబెట్టిన గుడ్డు తెలుపు మిగిలింది. ఆల్గేని అది బయటికి నెట్టేసింది.

ఇసుక మీద, రాయి నీడలోకి దించాను. లైట్ మూడో వంతుకి తగ్గించాను. వారానికి రెండుసార్లు మైసిస్ రొయ్యని సన్నగా నలిపి, పంపు ఆపి, పిపెట్‌తో నోటి దగ్గర వదిలేవాణ్ణి. రెండు తలలు నాలుగు నెలలకి రంగు తెచ్చుకున్నాయి. మూడోది పోయింది.

నీలం వెలుగు మన కంటికి మసకగానే కనిపిస్తుంది. పగడానికి మాత్రం మసక కాదు. కంటితో చూసి నాబ్ తిప్పొద్దు, దయచేసి.

#5 నీలికెరటం

ఉప్పుమరక అన్నా, చదువుతుంటేనే బాధగా ఉంది. ఇంత వివరంగా రాసినందుకు థాంక్స్. వెలుగు తక్కువైతే ఎలా తెలుస్తుంది? అప్పుడు కూడా తెల్లబడుతుందా?

#6 పగడపుతోట

సాధారణంగా దానికి ఎదురు జరుగుతుంది. వెలుగు చాలకపోతే పగడం ఉన్న కాస్తనీ పట్టుకోవడానికి ఆల్గేని పెంచుకుంటుంది, ముదురు గోధుమ రంగుకి తిరుగుతుంది. జోవాలైతే కాడ సాగదీసి వెలుగు కోసం మెడ ఎత్తినట్టు నిలబడతాయి. ఇది నెమ్మదిగా జరుగుతుంది, సరిదిద్దుకోవడానికి మీకు వారాలు దొరుకుతాయి. ఎక్కువైతే రోజులే. అందుకే అనుమానం ఉన్నప్పుడు తక్కువ వైపే ఉండమంటాను.

ఒక్క మినహాయింపు. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా చూపిస్తుంటే వెలుగు సరిగ్గా ఉన్నా పగడం పాలిపోతుంది. లైట్‌ని తప్పు పట్టేముందు ఆ రెండూ చూసుకోండి.

#7 వైరింగ్‌బాబు

నేను వృత్తిరీత్యా ఎలక్ట్రీషియన్ని. డబ్బా మీద రాసిన 165 అంకె గురించి చెప్పాలి. లోపల 3 వాట్ల చిప్స్ 55 ఉంటాయి, గుణిస్తే 165. కానీ ఆ చిప్‌లని పూర్తి కరెంటు మీద నడపరు. నేను మూడు డబ్బాలకి ప్లగ్ మీటర్ పెట్టి చూశాను, రెండు నాబ్‌లూ పూర్తిగా తిప్పినా 105 నుంచి 120 వాట్ల మధ్యే లాగాయి. మోసపోయామని అనుకోనక్కర్లేదు. తక్కువ కరెంటు మీద నడిచే ఎల్‌ఈడీ చల్లగా ఉంటుంది, ఎక్కువ కాలం బతుకుతుంది. మీ ట్యాంక్‌కి ఎలాగూ అంత అక్కర్లేదు.

భద్రత మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. చవక లైట్లలో లోహపు బాడీకి ఎర్త్ వైరు కలిపి ఉండకపోవచ్చు. ఎర్త్ పిన్నుకీ బాడీకీ మధ్య మల్టీమీటర్‌తో కంటిన్యూటీ చూడండి, బీప్ రాకపోతే వాడకండి. ట్యాంక్ లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్) తప్పనిసరి. ప్రతి వైరూ ప్లగ్ కన్నా కిందికి వేలాడి, మళ్ళీ పైకెక్కి ప్లగ్‌లోకి వెళ్ళాలి. అప్పుడు వైరు మీద జారిన ఉప్పునీరు ఆ ఒంపు దగ్గరే కిందికి రాలిపోతుంది, ప్లగ్‌లోకి పోదు. లైట్ వేలాడదీసే తీగ ఒక్కటే నమ్ముకోకుండా ఇంకోటి అదనంగా కట్టండి. నీళ్ళలో పడిన లైట్ నేను చూశాను, మళ్ళీ చూడాలని లేదు.

నెలకోసారి ప్లగ్ తీసేసి, ఫ్యాన్ రెక్కల మీద పేరుకున్న ఉప్పూ దుమ్మూ బ్రష్‌తో దులపండి. డబ్బా లైట్లలో తరచూ ముందు ఆగిపోయేది ఫ్యానే. అది ఆగితే వేడికి చిప్స్ మసకబారతాయి.

#8 లెక్కలపుస్తకం

ఫోన్‌లో లక్స్ యాప్‌తో పార్ తెలుసుకోవచ్చా అని ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే రాస్తున్నాను. ఎండకైతే లక్స్‌ని 54తో భాగిస్తే పార్ వస్తుంది. నీలం ఎక్కువున్న రీఫ్ లైట్‌కి ఈ లెక్క పనికిరాదు. లక్స్ మీటరు మనిషి కంటిని అనుకరిస్తుంది. మన కన్ను 555 నానోమీటర్ల ఆకుపచ్చ దగ్గర చురుకుగా ఉంటుంది. 450 దగ్గరికి వచ్చేసరికి అందులో 4 శాతం కూడా ఉండదు. ఉప్పుమరక గారి హ్యామర్‌కి జరిగింది ఇదే, ఆయన కన్ను కూడా లక్స్ మీటరే కదా.

అయితే యాప్ పూర్తిగా వృథా కాదు. నాబ్‌లు కదపకుండా, నీటిమట్టం ఎత్తులో ఫోన్‌ని పట్టుకుని మధ్యలో, మూలల్లో చదవండి. అంకె నిజం కాకపోయినా నిష్పత్తి పనికొస్తుంది. మధ్యలో 100 అంటే మూలలో 20 వస్తోందనుకోండి, లైట్ మరీ కిందికి ఉందన్నమాట.

ఇంకో లెక్క. పగడానికి రోజు మొత్తం మీద అందిందే లెక్క. 150 పార్ 8 గంటలు ఇచ్చినా, 100 పార్ 12 గంటలు ఇచ్చినా రోజుకి చదరపు మీటరుకి 4.32 మోల్స్ అవుతుంది. లైట్ బలం తక్కువైతే సమయం పెంచి కొంతవరకు పూడ్చుకోవచ్చు. కొంతవరకే, ఎందుకంటే వెలుగు మరీ తక్కువైతే పగడం ఊపిరికి ఖర్చయ్యేదే వెనక్కి రాదు, అప్పుడు ఎన్ని గంటలు వెలిగించినా లాభం లేదు.

#9 గవ్వలబుట్ట

నాది 40 లీటర్ల చిన్న ట్యాంక్. ఫ్లడ్‌లైట్ గురించి ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి నా అనుభవం రాస్తాను. నాలుగేళ్ళుగా మామూలు ఫ్లడ్‌లైట్లు రెండు వాడుతున్నాను. ఒకటి చల్లని తెలుపు 10 వాట్లు, ఒకటి రాయల్ బ్లూ 20 వాట్లు. మష్రూమ్‌లు రాయంతా పాకాయి. గ్రీన్ స్టార్ పాలిప్స్ వెనక గాజు ఎక్కేశాయి. లెదర్ పగడం నా పిడికిలంత వచ్చింది, పాతచర్మం వదిలిన మర్నాడు దాని పూలు విచ్చుకోవడం చూస్తే కడుపు నిండిపోతుంది.

కానీ డిమ్మర్ లేదు. పగడం కొత్తగా పెట్టినప్పుడల్లా లైట్‌ని చేత్తో పైకీ కిందికీ జరపాల్సిందే. హ్యామర్, టార్చ్ పెట్టేవాళ్ళకి ఇది నేను చెప్పను. మెత్తటి పగడాలతో తృప్తి పడేవాళ్ళకి మాత్రం ఇంతకన్నా చవక దారి లేదు. చవకగా వచ్చిన లైట్‌కి తగ్గ పగడాలు పెట్టుకోవడం కూడా ఒక పద్ధతే, అందులో చిన్నతనం ఏమీ లేదు.

#10 పాతట్యూబు

గవ్వలబుట్ట అమ్మా, మీ మాట నాకు బాగా నచ్చింది.

నీలికెరటం గారికి ఇంకో మాట. ట్యూబులు వెలుగుతూనే ఉన్నా 9 నుంచి 12 నెలలకి మార్చాలి. బలం తగ్గుతుంది, రంగూ జరుగుతుంది. నాలుగూ ఒకేరోజు మార్చకండి, వారానికి ఒకటి.

#11 వైరింగ్‌బాబు

పాతట్యూబు గారి అనుభవం ముందు నేను చిన్నవాణ్ణి, కానీ ఈ ఒక్క విషయంలో ఒప్పుకోలేను. అడిగినాయన చేతిలో డబ్బు తక్కువన్నారు. ఏటా నాలుగు ట్యూబులంటే, రెండో ఏడాదికే వాడిన ఫిక్చర్ ఆదా చేసిపెట్టింది కరిగిపోతుంది. కరెంటు చూడండి. 96 వాట్లు రోజుకి 9 గంటలు వెలిగితే ఏడాదికి 315 యూనిట్లు. డబ్బా లైట్ 55 వాట్ల దగ్గర నడిపితే 180. టీ-5ని తగ్గించి నడపడానికి వాడిన ఫిక్చర్‌లో డిమ్మర్ కూడా ఉండదు. పైగా ముందు ముందు ట్యూబులు దొరకడమే కష్టం. గది వెలుగుకి వాడే ఫ్లోరసెంట్ ట్యూబుల తయారీ 2027 చివరికల్లా ఆపాలని మినమాటా పాదరసం ఒప్పందంలోని దేశాలు 2023లో నిర్ణయించాయి. అక్వేరియం ట్యూబులు వేరే సంగతి కావచ్చు, కానీ ఆ వ్యాపారమే తగ్గుతోంది.

#12 పాతట్యూబు

ఖర్చు లెక్క మీది సరైనదే, ఒప్పుకుంటున్నాను. సమంగా పరుచుకోవడం విషయంలో మాత్రం నా మాట మారదు. డబ్బా కొంటే ఎత్తుగా వేలాడదీయమని చెప్పండి. చాలామంది చేయని పని అదే.

#13 నీలికెరటం

డబ్బా తీసుకున్నాను. బాడీకి ఎర్త్ ఉంది, బీప్ వచ్చింది. ఆర్‌సీసీబీ పెట్టించాను. ఒక స్నేహితుడి దగ్గర నీళ్ళలో ముంచే పార్ మీటరు రెండు రోజులకి అడిగి తెచ్చుకున్నాను. ఆదివారం పొద్దున్నుంచీ అదే పని.

మొదట నీటికి 25 సెంటీమీటర్ల ఎత్తులో పెట్టి, నీలం 45 శాతం, తెలుపు 10 శాతం ఉంచాను. పై రాయి మీద 260. మధ్య రాయి 140. ఇసుక మధ్యలో 95. ముందు మూలల్లో 38. పాతట్యూబు గారి మాట గుర్తొచ్చి తీగ పొడవు తగ్గించి 40 సెంటీమీటర్లకి ఎత్తాను, నీలం 60కి పెంచాను. పై రాయి 185కి దిగింది. మధ్య రాయి 115. ఇసుక 85. మూలలు 52కి వచ్చాయి! సెన్సర్‌ని అరచెయ్యంత పక్కకి జరిపితే అంకె ఎలా మారిపోతుందో చూశాక, ఇన్నాళ్ళూ వాట్ల గురించి ఎందుకు తల బద్దలు కొట్టుకున్నానా అనిపించింది. ప్లగ్ మీటర్‌లో 58 వాట్లు.

ఇబ్బంది ఒకటే, ఎత్తు పెరిగేసరికి గోడ మీదా, కుర్చీలో కూర్చున్నవాళ్ళ కళ్ళలోనూ నీలం పడుతోంది.

#14 పగడపుతోట

చాలా మంచి అంకెలు. పక్కలకి నల్ల అట్ట తెరలా కట్టండి, కంటికి హాయిగా ఉంటుంది. అట్టకీ లైట్‌కీ మధ్య గాలి ఆడేలా ఖాళీ వదలండి.

మొదటి రోజే నీలం 60 పెట్టకండి. పగడాలు దిగిన రోజు నీలం 30, తెలుపు 5, ఆరు గంటలు. వారానికి 5 శాతం, అరగంట చొప్పున పెంచండి. మధ్యలో ఏ పగడమైనా ముడుచుకుంటే ఆ వారం పెంచొద్దు. మీ డబ్బాకి రెండు కరెంటు వైర్లు ఉంటే రెండు టైమర్లు పెట్టుకోండి, నీలం ముందు వెలిగి ఆఖర్న ఆరాలి, తెలుపు మధ్యలో నాలుగైదు గంటలు. మష్రూమ్‌లు మూలల్లో, జోవాలు ఇసుక దగ్గర, హ్యామర్ మధ్య రాయి. టార్చ్‌ని హ్యామర్‌కి తగలనివ్వకండి, అది కుడుతుంది. పై రాయి ఖాళీగా ఉంచండి.

#15 ఉప్పుమరక

తమ్ముడూ, రోజూ ఒకే టైమ్‌కి ఒక ఫొటో తీసిపెట్టుకో. రోజూ చూసే కంటికి పాలిపోవడం ఆలస్యంగా తెలుస్తుంది. నేను ఫొటోలు తీసి ఉంటే నాలుగో రోజే పట్టుకునేవాణ్ణి.

#16 నీలికెరటం

మూడున్నర నెలల తర్వాత మళ్ళీ రాస్తున్నాను. నీలం ఇప్పుడు 60, తెలుపు 10, తొమ్మిది గంటలు. రెండో నెలలో ఇసుక మీద గోధుమ రంగు పొర వచ్చింది, తెలుపు ఒక గంట తగ్గించి, చేపల మేత తగ్గించాక పోయింది. హ్యామర్ రెండు తలలతో వచ్చింది, ఒక తల విడిపోయి ఇప్పుడు మూడున్నాయి. జోవాలు ఏడు నోళ్ళ నుంచి పంతొమ్మిది. ఒక మూల మష్రూమ్ తెల్లబడుతోందని కంగారుపడ్డాను, ఉప్పుమరక అన్న చెప్పినట్టు ఫొటోలు వరసగా పెట్టి చూస్తే అది మొదటి రోజు నుంచీ అదే రంగు.

నిన్న మాంటిపోరా ఫ్రాగ్ (చిన్న ముక్క) తెచ్చాను, బొటనవేలి గోరంత. పై రాయి మీద పెట్టాలా?

#17 పగడపుతోట

అమ్మినవాళ్ళ దగ్గర ఎంత వెలుగులో ఉందో కనుక్కున్నారా? తెలియకపోతే మధ్య రాయి మీద పది రోజులు ఉంచండి, తర్వాత సగం ఎత్తుకి, మరో పది రోజులకి పైకి. జిగురు ఇప్పుడే పెట్టకండి. అంచుల్లో సన్నటి లేత గీత కనిపిస్తే అది పెరుగుతోందని గుర్తు. ఆ గీత కనిపించాక అంటించండి.

#18 నీలికెరటం

కనుక్కోలేదు. మధ్య రాయి మీద పెట్టాను, హ్యామర్‌కి పదిహేను సెంటీమీటర్ల దూరంలో. ఫొటో తీశాను.